కౌలు మార్పు నమోదు, సాగు సాయం: కోనసీమ

ప్రభుత్వ సాయం వచ్చే భూమి సాగుదారు మారినప్పుడు ఆ సంగతి అధికారులకు తెలిపి లెక్కల్లో ఎక్కించడమే కౌలు మార్పు నమోదు. బ్రిటన్‌లో ఇలా మార్పు తెలపాల్సింది ఇంటి అద్దెకు సాయం పొందేవారు. అక్కడ ఉన్నట్టు అద్దె ఇంటికి నెలనెలా ఇచ్చే భత్యం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఇక్కడి గృహ పథకాలు సొంత ఇంటికో సొంత స్థలానికో సాయం చేస్తాయి. కాబట్టి మన దగ్గర మార్పు ఎవరు తెలపాలన్న ప్రశ్న ఇంటి గుమ్మం దగ్గర కాక పొలం గట్టు మీద తలెత్తుతుంది. పెట్టుబడి సాయం, పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం, మద్దతు ధరకు ధాన్యం అమ్మకం, వీటన్నిటికీ ఫలానా సర్వే నంబరులో ఈ ఏడాది సేద్యం ఎవరిదన్న జవాబు కావాలి. కోనసీమ పల్లెల్లో ఆ జవాబు ఊరందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఉండదు. దీన్ని కౌలుదార్ల అజ్ఞానం కిందో ఉద్యోగుల బద్ధకం కిందో కట్టేయడం తేలిక. అసలు కారణం నమోదు పద్ధతిలోనే ఉంది. మార్పు చెప్పే అధికారం చెబితే నష్టపోతానని భయపడే యజమాని చేతిలో పెట్టారు. చెబితే లాభపడే కౌలుదారుకు మాత్రం ఆ అధికారం ఇవ్వలేదు. 2011 నుంచి వచ్చిన చట్టాల చరిత్ర చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య సముద్రం దాకా సాగిన ఈ లంకనేలకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువ నీరు ఇచ్చింది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయింది. కొత్తపేట వైపు ఎగువ పొలాల్లో నీరు ముందు అందుతుంది. రాజోలు, అల్లవరం వైపు శివారు భూములకు ఆలస్యంగా అందుతుంది, వానాకాలంలో ముంపూ వాటికే ఎక్కువ. వరిచేలు, కొబ్బరితోటలు, తీరం వెంట రొయ్యల చెరువులు పక్కపక్కనే కనిపిస్తాయి. భూమి ఉన్న కుటుంబాల్లో చదువుకున్న తరం హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోయింది. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళూ తక్కువేం కాదు. పొలం మాత్రం ఊళ్ళోనే ఉంది, కౌలుకు నడుస్తోంది. జాతీయ నమూనా సర్వే సంస్థ 2018–19 వ్యవసాయ సర్వే ప్రకారం సేద్య కమతాల్లో కౌలుకు తీసుకున్నవాటి వాటా దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ వాటా సుమారు 42 శాతం, దేశ సగటు 17 శాతం. ఇలాంటి సర్వేలకు కౌలు సంగతి దాచేవాళ్ళూ ఉంటారు గనుక, ఈ 42 శాతం వాస్తవం కన్నా కాస్త తక్కువే అయి ఉండాలి.

ఇక్కడ కౌలు మాట దాళ్వా (రబీ) కోతలయ్యాక, కాలువలు కట్టేసిన ఎండాకాలంలో కుదురుతుంది. సార్వా (ఖరీఫ్) నాట్లకు నీళ్ళు వదిలేలోపు ఎవరి పొలం ఎవరు చేస్తారో తేలిపోతుంది. పండినా ఎండినా ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే తెగ్గొట్టే మక్తా పద్ధతే ఎక్కువ, పాలుకు (పంటలో వాటాకు) ఇవ్వడం తగ్గిపోయింది. మాట నోటిదే. కొన్ని కుటుంబాలు ఒకే పొలాన్ని తరాల తరబడి చేస్తాయి. కొన్నిచోట్ల రెండేళ్ళకోసారి మనిషి మారతాడు, ఒక బస్తా ఎక్కువిస్తానన్నవాడు వస్తే ఇంకా ముందే మారతాడు. ఏటా మారే సంగతిని ఏటా చెప్పాల్సి ఉంటుంది. చెప్పాల్సిన కాలం కూడా నాట్ల హడావుడిలోనే పడుతుంది. కౌలుదారుకు అప్పుడు నారుమడి, ఎరువులు, కూలీల గొడవ. యజమాని ఊళ్ళోనే ఉండడు, ఫోనులో మక్తా సంగతి మాట్లాడి పెట్టేస్తాడు.

యజమాని ఎందుకు చెప్పడో తెలియాలంటే 1956 దాకా వెనక్కి పోవాలి. ఆ ఏడాది వచ్చిన ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారుకు కనీసం ఆరేళ్ళ గడువు ఇచ్చింది, మక్తాకు పరిమితి పెట్టింది, యజమాని అమ్మదలిస్తే మొదట అడిగే హక్కు కౌలుదారుకు కట్టబెట్టింది. 1974 సవరణతో పరిమితి ఇంకా దిగింది. నీటి వసతి ఉన్న భూమికి స్థూల దిగుబడిలో 30 శాతం, మిగతా భూములకు 25 శాతం అన్నారు. దీన్ని పొలం లెక్కలోకి దించి చూద్దాం. రెండు పంటలకూ కలిపి ఎకరాకు 60 బస్తాలు పండాయనుకుంటే 30 శాతం అంటే 18 బస్తాలు. డెల్టాలో మక్తా పాతిక బస్తాల దాకా పోవడం మామూలే. అంటే ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెడితే యజమాని తన చేత్తోనే చట్టాన్ని దాటానని రాసిచ్చినట్టు అవుతుంది. తగ్గించి రాస్తే ఆ తగ్గిన లెక్కనే కౌలుదారు రేపు పట్టుకుంటాడేమోనన్న దిగులు. ఈ రెండు చిక్కులకూ తేలికైన మందు ఏమీ రాయకపోవడమే. కౌలుదారును కాపాడదామని వచ్చిన చట్టం అతణ్ణి లెక్కల్లోంచి మాయం చేసిందనడం అతిశయోక్తి కాదు. అలాగని ఆ చట్టం ఉద్దేశం తప్పని కాదు. అమలు చేసే యంత్రాంగం లేకుండా పెట్టిన పరిమితి రాతకోతలను తరిమేసిందంతే.

రెండో కారణం బ్యాంకు. దీని గురించి తక్కువ మాట్లాడుకుంటారు గానీ, యజమానిని కదలనివ్వని బలమైన కారణం ఇదే కావచ్చు. పట్టాదారు పాసుపుస్తకం మీద వచ్చే పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, అప్పుడు పడేది 4 శాతమే. లక్ష రూపాయల లోపు రుణానికి రాష్ట్రం ఆ మిగిలింది కూడా భరించిన సంవత్సరాలున్నాయి. పొలం దున్నని యజమానులు కూడా ఈ రుణం తీసుకుని వేరే పనులకు వాడుకోవడం డెల్టాలో ఎవరూ దాచుకోని విషయం. అదే సర్వే నంబరు మీద కౌలుదారుకు కార్డు వస్తే ఈ పంట రుణం ఎవరికి అన్న ప్రశ్న బ్యాంకు మేనేజరు ముందుకు వస్తుంది. ఒక ఎకరం మీద ఒకే పంటకు ఇద్దరికి రుణం ఇవ్వనంటాడు. అందుకే కార్డు చేతికి వచ్చిన కౌలుదారు కూడా బ్యాంకు మెట్లు దిగి ఎరువుల కొట్టుకో ధాన్యం కమీషనుదారు దగ్గరకో వెళ్ళి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. ఏడాదికి అది 24 శాతం. పొలం ఒకటే, పంట ఒకటే. పాసుపుస్తకం ఉన్నవాడికి డబ్బు పడే ధర, నాటు వేసేవాడికి పడే ధరలో ఆరో వంతు.

ఈ అన్యాయాన్ని ప్రభుత్వాలు గుర్తించలేదని అనలేం. జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో వేసిన రైతు సంక్షేమ కమిషన్ కౌలుదార్లను గుర్తించి సంస్థాగత రుణం అందించాలంది. 2006లో కోనేరు రంగారావు భూమి కమిటీ కౌలు నమోదు గురించి విడిగా మాట్లాడింది. వాటి ఫలితంగానే 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చిన రుణ అర్హత కార్డు గడువు ఏడాది. దరఖాస్తు కౌలుదారే పెట్టుకునేవాడు. రెవెన్యూ సిబ్బంది విచారించేవారు, అభ్యంతరాలుంటే యజమాని చెప్పుకోవచ్చు, కానీ ముందుగా ఆయన సంతకం అక్కర్లేదు. ఈ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు. లోపాలు లేవని కాదు. యజమాని కన్నెర్ర చేస్తాడని దరఖాస్తు పెట్టనివాళ్ళూ, పెట్టాక వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. బ్యాంకులు సరేసరి. అయినా ఆ చట్టంలో చెప్పే హక్కు సరైన చోట ఉంది. తర్వాత వ్యవసాయ శాఖ ఇచ్చిన సాగు ధ్రువీకరణ పత్రం కూడా దాదాపు అదే దారిలో నడిచింది. కార్డు లేనివాడికి ‘ఇతను ఈ పొలం చేస్తున్నాడు’ అని శాఖే రాసిచ్చేది.

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ అమరికను తలకిందులు చేసింది. యజమానీ సాగుదారూ పదకొండు నెలల ఒప్పందం మీద సంతకాలు చేయాలి, గ్రామ రెవెన్యూ అధికారి సమక్షంలో అది జరగాలి, ఆపైనే సాగుదారు హక్కుల పత్రం. ఊళ్ళలో దాన్ని సిసిఆర్‌సి కార్డు అంటారు. పదకొండు నెలలు కావడానికి కారణం తెలిసిందే, ఏడాది దాటితే కౌలు హక్కు పుడుతుందన్న భయం. యజమానిని మచ్చిక చేసుకుని సంతకం పెట్టించాలన్నది ఈ చట్టం వ్యూహం. అదే ఏడాది అక్టోబర్ 15న మొదలైన రైతు భరోసా పెట్టుబడి సాయాన్ని దీనికి జోడించారు. ఏడాదికి 13,500 రూపాయలు. అందులో 6,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్. కార్డున్న భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారుకు మొత్తం రాష్ట్రమే భరించేది, యజమానికి వచ్చే సాయం తగ్గేది కాదు. ఇద్దరికీ ఇస్తున్నప్పుడు సంతకం పెట్టడానికి అడ్డేముంటుందని రూపకర్తలు అనుకుని ఉంటారు. అడ్డు డబ్బులో లేదు, రాతలో ఉంది. పెట్టుబడి సాయం పోదని తెలిసినా పంట రుణం, భూమి హక్కు, రేపు పొలం అమ్ముకునే వెసులుబాటు యజమానిని వెనక్కి లాగాయి. రాష్ట్రమంతటా రైతు సంఘాలూ కౌలు రైతు సంఘాలూ ఈ సంతకం గురించే మొత్తుకున్నాయి. 2024లో వచ్చిన ప్రభుత్వం కూడా చట్టం మారుస్తామనే చెప్పింది.

ఇందులో కోనసీమకు ప్రత్యేకమైన కోణం ఒకటుంది. రైతు భరోసా కౌలు సాయం నాలుగు వర్గాలకే పరిమితం కాబట్టి ఓసీ జాబితాలో ఉన్న కౌలుదారుకు కార్డు ఉన్నా ఆ డబ్బు రాలేదు. ఈ ప్రాంతంలో కౌలు చేసే కాపు కుటుంబాలు తక్కువ కాదు, వాళ్ళు వెనుకబడిన తరగతుల జాబితాలో లేరు. డబ్బే రానప్పుడు సంతకం కోసం యజమానిని బతిమాలడం ఎందుకని అనుకోవడం సహజం. కార్డుతో బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్మకం కూడా ముడిపడి ఉన్నాయన్న సంగతి అప్పుడు వెనక్కి పోయింది. ఒక సాయానికి పెట్టిన కుల షరతు మిగతా సాయాలకు అవసరమైన నమోదును కూడా తగ్గించిందన్నమాట. సాయం ఎవరికివ్వాలన్నది విధానపు ప్రశ్న, సాగు ఎవరిదన్నది వాస్తవపు ప్రశ్న. రెండింటినీ ఒకే ఫారంలో కుక్కకూడదు.

వాస్తవాన్ని పట్టుకునే సాధనం రాష్ట్రం దగ్గర ఇప్పటికే ఉంది. ఇ-పంట నమోదులో గ్రామ వ్యవసాయ సహాయకుడు చేను దగ్గరకు వెళ్ళి సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, సాగుదారు పేరు ఎక్కిస్తాడు, ఫొటో తీస్తాడు, ఆపైన వేలిముద్ర పడుతుంది. బీమా, పంట నష్ట సాయం, ధాన్యం కొనుగోలు ఈ నమోదు మీదే నడుస్తాయి. 2019 అక్టోబర్ 2న కరపలో గ్రామ సచివాలయాలను ప్రారంభించాక, 2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాక (ఇప్పుడు వాటి పేరు రైతు సేవా కేంద్రాలు) ఊరికో ఉద్యోగి దొరికాడు. పట్టణంలో కూర్చున్న తహసీల్దారుకు తెలియని సంగతి అతనికి తెలుసు. చిక్కు ఏమిటంటే రికార్డులో యజమాని పేరు సిద్ధంగా ఉంటుంది, సాగుదారు పేరు కొత్తగా కొట్టాలి. కౌలుదారు దగ్గర కార్డు లేకపోతే యజమాని ఫోను వస్తుంది, పెద్దమనుషులు మాట్లాడతారు, సహాయకుడికి ఉన్న పేరే ఉంచేయడం తేలిక.

దీని ఫలితం తుపాను వచ్చినప్పుడు బయటపడుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్ని ముంచింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటేటప్పటికి సార్వా వరి ఈనిక, గింజ పాలుపోసుకునే దశల్లో ఉంది. అలాంటప్పుడు పంట నష్టం లెక్కకు వచ్చినవారు చూసేది ఇ-పంట జాబితానే. అందులో యజమాని పేరుంటే పరిహారం యజమాని ఖాతాకు పోతుంది. ఆయన మంచివాడైతే పంపుతాడు, లేదా మక్తాలో కొంత తగ్గిస్తాడు. పెట్టుబడి పోగొట్టుకున్నవాడికి సాయం అందడం యజమాని దయమీద ఆధారపడితే దాన్ని ప్రభుత్వ సాయం అనడం కష్టం. ఇక ఆత్మహత్య చేసుకున్న కౌలుదారు కుటుంబం చనిపోయిన మనిషి రైతేనని రుజువు చేయాల్సి రావడం ఇంకా దారుణం. 2022లో జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్ కౌలు రైతు భరోసా యాత్ర పేరుతో అలాంటి కుటుంబాలకు లక్ష రూపాయల చొప్పున ఇస్తూ జులైలో మండపేటకు వచ్చారు. ఒక రాజకీయ పార్టీ ఊరూరా తిరిగి ఆ కుటుంబాల జాబితా తయారుచేసుకోగలిగినప్పుడు, ప్రభుత్వ రికార్డులో కౌలుదారు ఎందుకు కనపడడన్న ప్రశ్న అప్పుడే వేసుకోవాల్సింది.

ఇప్పుడు ఇంటి అద్దె భత్యం ఉన్న దేశాన్ని చూద్దాం. బ్రిటన్‌లో 1980ల మొదట్లో ఒక రూపానికి వచ్చిన హౌసింగ్ బెనిఫిట్ (2013 నుంచి క్రమంగా యూనివర్సల్ క్రెడిట్‌లో కలుస్తోంది) పొందేవాడు ఇల్లు మారినా, అద్దె మారినా, ఇంట్లోకి మరొకరు వచ్చినా తానే తెలపాలి. తెలపకుండా ఎక్కువ తీసుకుంటే తిరిగి కట్టించుకుంటారు, జరిమానా వేస్తారు. ఆలస్యంగా తెలిపితే పెరగాల్సిన సాయం కొంత పోగొట్టుకుంటాడు. నియమాలు కఠినమే. కానీ అక్కడ మార్పు తెలిపే బాధ్యతా, సాయం పొందే హక్కూ ఒకే మనిషివి. అద్దె ఒప్పందం చూపమంటారు, అది లేకపోతే వేరే రుజువులు అడుగుతారు. ఇంటి యజమాని సంతకం పెట్టనన్నంత మాత్రాన అద్దె కడుతున్న కుటుంబం అద్దె కట్టడం లేదని తేల్చరు. 2008 తర్వాత ప్రైవేటు ఇళ్ళలో ఉండేవారికి భత్యాన్ని మామూలుగా అద్దెదారు చేతికే ఇస్తున్నారు. మన దగ్గర కౌలుదారు కఠిన నియమాలకు భయపడడు. నియమం తనను అడగకపోవడమే అతని సమస్య.

పరదేశం దాకా పోనక్కర్లేని ఉదాహరణ పశ్చిమ బెంగాల్. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులు కచేరీలో కూర్చోకుండా పాలుదార్లు పని ముగించుకుని వచ్చే సాయంత్రాల్లో ఊళ్ళలోనే సమావేశాలు పెట్టారు. ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో పదిమందిలో అడిగి, అక్కడికక్కడే రాసుకున్నారు. తర్వాతి పదిహేనేళ్ళలో పధ్నాలుగు లక్షలకు పైగా పాలుదార్ల పేర్లు ఎక్కాయి. యజమాని మౌనం నమోదును ఆపలేదు. అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీష్ ఘటక్ 2002లో ప్రచురించిన పరిశోధన దిగుబడి పెరుగుదలలో కొంత భాగం ఈ నమోదు వల్లేనని తేల్చింది. తర్వాత 2019లో వచ్చిన కృషక్ బంధు సాయం రికార్డులో ఉన్న పాలుదారుకు కూడా అందింది. అయితే బెంగాల్‌లో నమోదుతో పాటు తొలగించలేని హక్కు కూడా ఇచ్చారు. కోనసీమలో అలాగే చేయాలని ఈ వ్యాసం వాదించదు. అక్కడి నుంచి తీసుకోవాల్సింది విచారణ పద్ధతిని మాత్రమే.

యజమాని సంతకం లేకుండా విచారణతోనే నమోదు చేస్తే దొంగ కౌలుదార్లు పుట్టుకొస్తారన్నది మొదటి అభ్యంతరం. పొలం వంక చూడనివాడు కూడా నేనే చేస్తున్నానని దరఖాస్తు పెడతాడంటారు. ఆ ప్రమాదం లేకపోలేదు. కానీ ఇప్పటి పద్ధతిలో దొంగ పేర్లు లేవా? దున్నని యజమాని సాగుదారుగా నమోదు కావడం కూడా అబద్ధమే, అందరూ అలవాటుపడ్డ అబద్ధం. గట్టు పక్క రైతులు, కాలువ నీరు వదిలే లస్కరు, దుక్కి ట్రాక్టరువాడు, ఎరువుల కొట్టు బిల్లు, పొలంలో తీసిన ఫొటో, ఇన్ని సాక్ష్యాలున్న వాస్తవం వ్యవసాయంలో మరొకటి లేదు. నోటీసు అందిన యజమాని అభ్యంతరం చెబితే విచారించవచ్చు. ఇప్పుడు అభ్యంతరం చెప్పకుండానే, సంతకం పెట్టకుండా కూర్చుని ఆపగలుగుతున్నాడు.

భూమి హక్కు గురించిన రెండో అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2022లో ఆమోదించిన భూ యాజమాన్య హక్కుల చట్టం మీద రేగిన భయం ఎంతదంటే అది 2024 ఎన్నికల ప్రచారంలో ప్రధాన విషయమైంది, కొత్త ప్రభుత్వం వచ్చిన వెంటనే దాన్ని రద్దు చేసింది. రికార్డులో మరొకరి పేరు కనిపించిందంటే మన రైతు గుండె జల్లుమంటుంది. తెలంగాణలో 2020 చట్టం రికార్డులోంచి అనుభవదారు గడినే తీసేసింది. 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారును పక్కనపెట్టింది. యజమానికి నిద్రపట్టే పద్ధతి అదే కావచ్చు గానీ, పొలం చేసేవాడు లేడని రాసుకోవడం పరిష్కారం కాదు. హక్కుల రికార్డునూ సాగు రికార్డునూ పూర్తిగా విడదీయడమే దీనికి జవాబు. 2016లో టి. హక్ నాయకత్వంలోని నిపుణుల బృందం నీతి ఆయోగ్‌కు తయారుచేసిన నమూనా భూమి కౌలు చట్టం కూడా యజమాని హక్కు పదిలంగా ఉంటేనే కౌలు బయటికి వస్తుందనే నమ్మకం మీద నిలిచింది. సాగు నమోదును కోర్టులో హక్కుకు సాక్ష్యంగా వాడరాదని స్పష్టంగా రాసి, పంట కాలం ముగియగానే దాని చెల్లుబాటు ముగిస్తే, అడంగల్ (గ్రామ సాగు లెక్కల రికార్డు)లో పేరు పడితే హక్కు పుడుతుందన్న పాత భయానికి చోటుండదు. మక్తా ఎంతో నమోదులో అడగనే కూడదు. సాయం ఇవ్వడానికి ఆ సంఖ్యతో పని లేదు.

మూడో అభ్యంతరానికి పూర్తి జవాబు లేదు. కార్డు అడిగేవాడికి అసలు కౌలే ఇవ్వకపోతే? బ్రిటన్‌లో భత్యం తీసుకునేవారికి ఇల్లు ఇవ్వబోమని ప్రకటనల్లోనే రాసేవారు. 2020లో యార్క్ కౌంటీ కోర్టు అది వివక్ష కిందకు వస్తుందని తీర్పు ఇచ్చేదాకా దాన్ని మామూలుగానే చూశారు. కోనసీమ యజమానికి మరో దారి కూడా ఉంది, చెరువు తవ్వించి రొయ్యలకు ఇవ్వడం. ఒక్కసారి చెరువైన పొలం మళ్ళీ చేను కావడం కష్టం, పక్క చేలు కూడా ఉప్పెక్కుతాయి. 2011లో మురుగు కాలువలు, గిట్టని ధర, కూలీల ఖర్చు కారణాలుగా చూపి కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. 2022లో మళ్ళీ విరామం మాట వినిపించింది. వరిలో ఇద్దరు బతకడానికి చాలినంత మిగలడం లేదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అందుచేత నమోదు పెరిగితే కొంత భూమి కౌలు నుంచి జారిపోవచ్చు. కానీ దూరాన ఉన్న యజమాని తానే దిగి నాటు వేయించుకోలేడు. శివారు ముంపు పొలాలకు అడిగేవాళ్ళే కరువు, అక్కడ కౌలుదారు మాటకు విలువ ఉంటుంది. పోటీ ఎక్కువున్న కొత్తపేట వైపు మంచి పొలాల్లోనే కార్డు అడిగినవాణ్ణి తప్పించే ప్రమాదం ఎక్కువ. సంతకం అనే మెట్టును తీసేస్తే ఈ బెదిరింపు కూడా కొంత తగ్గుతుంది. ఊళ్ళో చేసేవాళ్ళందరి పేర్లూ వాటంతటవే ఎక్కుతుంటే ఒకడు కార్డు అడిగాడని మార్చడంలో అర్థముండదు.

దేవాలయ భూముల కథ వేరు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వంటి దేవస్థానాల మాన్యాలకు యజమాని దేవుడు, కౌలు వేలంలో పోతుంది, కాగితం తప్పకుండా ఉంటుంది. కానీ పాట పాడినవాడూ, నీళ్ళు కట్టేవాడూ ఒకరే కానవసరం లేదు. కాగితం ఉన్నంత మాత్రాన సాగుదారు తెలిసినట్టు కాదని ఈ భూములు చెబుతాయి. కొబ్బరితోటలో ఇంకో రకం చిక్కు. చెట్ల ఫలసాయం ఒకరికి, అంతరపంట ఇంకొకరికి ఇచ్చిన తోటలో ‘సాగుదారు’ గడిలో ఎవరి పేరు రాయాలో ఏ ఫారమూ స్పష్టంగా చెప్పదు. 1996 నవంబర్ తుపాను లాంటిది తోటల్ని కూల్చినప్పుడు చెట్టు విలువ యజమానిది, ఆ ఏటి కాయ కౌలుదారుది. పరిహారం ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

రాష్ట్రం సంతకాన్ని తీసేసినా కేంద్రం మాట మిగిలే ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే వర్తిస్తుంది. 2025 ఆగస్టు 2న మొదలైన రాష్ట్ర పెట్టుబడి సాయం అన్నదాత సుఖీభవలో ఏడాదికి 20,000 రూపాయల లెక్క వేసినప్పుడు అందులో 6,000 ఈ కేంద్ర సాయమే. కౌలుదారుకు అంతే మొత్తం ఇవ్వాలంటే ఆ 6,000 కూడా రాష్ట్రమే పెట్టుకోవాలి. అంటే నమోదయ్యే ప్రతి కౌలుదారుతో రాష్ట్ర ఖజానా మీద భారం పెరుగుతుంది. లెక్క సరిగా తేలడం వల్ల ఖర్చు పెరిగే శాఖ లెక్క తేల్చడానికి తొందరపడుతుందనుకోవడం అమాయకత్వం. ఈలోగా కేంద్రం కోరిన రైతు రిజిస్ట్రీలో విశిష్ట సంఖ్యల కేటాయింపు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారితోనే మొదలైంది. కౌలుదారు తర్వాత చేరవచ్చు. కానీ అతని సంఖ్య యజమాని సంఖ్యకు అనుబంధంగా, యజమాని అనుమతిస్తేనే తెరుచుకునేలా తయారైతే, 2019 ఒప్పంద పత్రంలో ఉన్న ఆ సంతకమే కంప్యూటర్‌లో మరో రూపంలో కొనసాగుతుంది. రిజిస్ట్రీలో సాగుదారు గడి ఇ-పంటతో నేరుగా ముడిపడాలా, భూమి రికార్డుతోనా అన్నది చూడటానికి సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. వచ్చే తుపానుకు అల్లవరం, రాజోలు పొలాల్లో పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో నిర్ణయించేది మాత్రం అదే.